లాటరీలును ప్రభుత్వములును

గత పుష్యమాసమున మా పొరుగింటివారు శబరిమల యాత్ర ముగించుకొని వచ్చి, మాకు ప్రసాదము పెట్టి, దానితోబాటు ఒక రంగుల చీటీని గూడ చూపిరి. అది కేరళ ప్రభుత్వమువారి లాటరీ టిక్కెట్టు. క్రిస్మసు, నూతన సంవత్సరముల పేర ఏటేట అమ్ముచుందురు. వెల 400 రూపాయలు; మొదటి బహుమానము 20 కోట్లు. దానిమీది మలయాళపు లిపి తమకు రాదు గనుక, ఫలితములు వెలువడిన నాడు సంఖ్య సరిచూచి చెప్పుడని వారి కోరిక. అందులకు మేము సమ్మతించితిమి.

ఆయన వెళ్లిన తరువాత ఆ యింటి ఇల్లాలు గుమ్మమువద్దనే నిలిచి ఇట్లు పలికెను: “మాస్టారూ, ఈయన ఏడాదికి ఒక్కటి కొంటారు, దానికేం లేదు. ఎర్నాకుళంలో తాపీపని చేసే మా తమ్ముడు రోజూ కొంటున్నాడట. జూదంరా అబ్బాయ్ అంటే, సర్కారువాళ్లే అమ్మేది జూదమెట్లా అవుతుందక్కా, ఆ డబ్బుతో పేదలకు వైద్యం చేయిస్తారు అంటాడు. వాడికి ఏం చెప్పమంటారు?”

అప్పటి కేదో చెప్పి పంపితిమిగాని, ఆ సమాధానము మాకే తృప్తి కలిగింపలేదు. ఆ యువకుడు వేసినది చిన్న ప్రశ్న కాదు. ఐదువందల యేండ్లకు పైగా రాజులు, శాసనసభలు, న్యాయస్థానములు ఈ ప్రశ్ననే వేసికొని, ఒకప్పుడొక విధముగను మఱియొకప్పుడు వేరొక విధముగను సమాధానము చెప్పుకొనుచు వచ్చినవి. ఆ చరిత్రను చదువరుల ముందుంచి, తుదకు ఆ యిల్లాలికి ఏమి చెప్పవలసియుండెనో విచారింతము.

లాటరీ యనగా నేమో మొదట నిర్ణయించుకొనవలెను. అందు మూడంగములు కలవు: కొనువాడిచ్చు వెల, కొందరికి మాత్రమే దక్కు బహుమానము, ఆ కొందరిని నిర్ణయించు యాదృచ్ఛికత. పొలములకు నీటి వంతులు నిర్ణయించుటకు చీట్లు వేయుట లాటరీ కాదు. అందు ఎవ్వరును సొమ్ము పోగొట్టుకొనరు. మన ఇండ్లలో జరుగు చీటీపాటయు లాటరీ కాదు. అందు ప్రతి సభ్యునికిని ఏదో యొక నెలలో పాట సొమ్ము చేతికి వచ్చును. లాటరీలోనో, లక్షమంది యిచ్చిన సొమ్ము కొలదిమందికి చేరును. నడుపువాడు తన భాగమును ముందే తీసి ప్రక్కన పెట్టుకొనును. ఆ నడుపువాడు ఎవడైన నేమి, లక్షణము మారదు.

నడుపువాడు రాజే యైనచో నేమి చేయవలెనను విషయమున మన పూర్వులలోనే రెండు మతములు కలవు. మనువు తన స్మృతిలో తొమ్మిదవ అధ్యాయమున జూదమును, ప్రాణిపందెములను బహిరంగమైన దొంగతనముగా నెంచి, రాజు వానిని తన రాజ్యమునుండి పారద్రోలవలెనని విధించెను. యాజ్ఞవల్క్యుడట్లు చెప్పలేదు. జూదము ఒకేచోట, రాజు నియమించినవాని యెదుట జరుగవలెననియు, దొంగలను గుర్తించుటకు అది సాధనమనియు అతని మతము. కౌటిల్యుడు మఱియొక యడుగు ముందునకు వేసి, ద్యూతాధ్యక్షుడను అధికారిని ఏర్పఱచెను. ఆ అధికారి చూపిన చోటనే ఆడవలెను. వేరుచోట ఆడిన 12 పణముల దండము. పాచికలు అధ్యక్షుడే సరిచూచి యియ్యవలెను. మోసపు పాచికలు వాడిన శిక్ష. గెలిచిన సొమ్మునుండి నూటికి ఐదు వంతులు రాజునకు చెల్లవలెను.

రెండు పక్షములకును ఆధారము కలదు. నిషేధించిన యెడల జూదము చాటునకు పోవును. అనుమతించిన యెడల రాజు దానిలో భాగస్థుడగును. భాగస్థుడైన రాజు జూదము తగ్గవలెనని కోరునా, పెరుగవలెనని కోరునా? కౌటిల్యుడు ఈ ప్రశ్నను పైకి తేలేదుగాని, తరువాతి చరిత్రయంతయు దీని చుట్టే తిరిగినది.

ఐరోపాలో సొమ్ముతో గూడిన బహిరంగపు లాటరీలు పదునైదవ శతాబ్దిలో ఫ్లాండర్సు పట్టణములలో కానవచ్చుచున్నవి. బ్రూజ్ నగరమున 1441లోను, స్లైస్ నగరమున 1445లోను ఇట్టివి జరిగినవి. కోటగోడలు కట్టుటకును, పేదలకు సాయపడుటకును ఆ సొమ్మును వినియోగించిరి. అనగా పుట్టినప్పటినుండియే లాటరీ ధర్మకార్యమను వస్త్రము ధరించియే వచ్చినది. ఇటలీలోని జెనోవాలో వేరొక విధానము పుట్టెను. అచ్చట పాలకసభకు ఐదుగురిని చీట్లు తీసి యెన్నుకొను ఆచారముండెడిది. ఎవరి పేర్లు వచ్చునోయని పౌరులు పందెములు కాయుచుండిరి. క్రమముగా పేర్లు పోయి సంఖ్యలు మిగిలినవి: 90 సంఖ్యలు, అందు ఐదు పైకి తీయుట. నేడు అనేక దేశములలో కొనువాడే తన సంఖ్యలను కోరుకొను లాటరీలన్నియు ఈ జెనోవా పందెపు సంతానమే.

లాటరీని ఒక ప్రభుత్వము చేపట్టుట, దానికి అలవాటుపడుట, విసిగి విడుచుట, మరల చేపట్టుట అను నాలుగు దశలును స్పష్టముగ కానవచ్చునది ఇంగ్లండు చరిత్రలో. కావున దానిని కొంత విపులముగ చెప్పుదుము.

ఎలిజబెతు రాణి ఓడరేవుల మరమ్మతులకు సొమ్ము చాలక, 1560ల చివరి యేండ్లలో ఒక లాటరీ ప్రకటించెను. ఒక్కొక్కటి పది షిల్లింగుల వెలతో నాలుగు లక్షల టిక్కెట్లు. మొదటి బహుమానము 5,000 పౌనుల విలువగలది. జనులను ఆకర్షించుటకు ఆమె ఒక వింత వరము గూడ నిచ్చెను: టిక్కెట్టు కొనవచ్చినవారిని హత్య, రాజద్రోహము, ఓడదోపిడి వంటి ఘోరాపరాధములకు దప్ప, చిల్లర నేరములకై కొన్ని దినములవఱకు పట్టుకొనరాదు. చట్టమును కాపాడవలసిన రాణియే టిక్కెట్ల కొఱకు చట్టమును సడలించినది. ఐనను జనులు నమ్మలేదు. టిక్కెట్లలో సుమారు పన్నెండవ వంతు మాత్రమే అమ్ముడుపోయినవి. 1569లో లండనులోని సెయింటు పాల్ దేవాలయపు పడమటి ద్వారమువద్ద చీట్లు తీసిరి. బహుమానములను ఆ దామాషాలోనే తగ్గించివేసిరి.

1694లో ఫ్రాన్సుతో యుద్ధవ్యయమునకై నడిపిన లాటరీ వేరు తరహాది. పది పౌనుల టిక్కెట్లు లక్ష అమ్మి, పదిలక్షల పౌనులు కూర్చిరి. బహుమానము రానివానికి గూడ పదునారు సంవత్సరములు ఏటికొక పౌను చెల్లింతుమని ప్రభుత్వము మాట యిచ్చెను. కనుక అది ఋణపత్రమును లాటరీయును కలిసినది. కొన్నవాడు నిండ మునుగు ప్రమాదము లేదు. కాలక్రమమున ఆ రక్షణ పోయినది. శుద్ధమైన లాటరీ మిగిలినది.

లండనులోని బ్రిటిషు మ్యూజియము నేడు ప్రపంచప్రసిద్ధము. అది 1753లో శాసనసభ అనుమతించిన లాటరీ సొమ్ముతో ఆరంభమైన దని యెఱిగినవారు తక్కువ. మూడేసి పౌనుల టిక్కెట్లు లక్ష అమ్మిరి. మూడులక్షలలో రెండులక్షలు బహుమానములకు పోగా, ఖర్చులు తీసి మ్యూజియమునకు సుమారు 95,000 పౌనులు మిగిలినవి. కాని ఒకరికి పరిమితికి మించి అమ్మరాదను నియమమును పీటర్ లెహూప్ అను అధికారి తానే ఉల్లంఘించి, దొంగపేర్లతో టిక్కెట్లను వ్యాపారుల చేతిలో పెట్టెను. వారు హెచ్చువెలకు అమ్ముకొనిరి. విచారణ జరిగి ఆయనకు 1,000 పౌనుల జరిమానా విధింపబడెను. ఆ వ్యవహారమున సంపాదించినదాని ముందు ఆ జరిమానా గడ్డిపోచ. పుణ్యకార్యమునకై పెట్టిన లాటరీ యైనంతమాత్రమున అందలి చేతులు శుభ్రముగ నుండునని చెప్పరాదు.

అప్పటి చీట్లు తీయు పద్ధతి చిత్రమైనది. రెండు పెద్ద చక్రములుండును. ఒకదానిలో టిక్కెట్ల సంఖ్యలు, రెండవదానిలో బహుమానపు చీట్లును ఉత్త చీట్లును వేసి త్రిప్పుదురు. నీలికోటు తొడిగిన అనాథ విద్యార్థులు చెరియొక చక్రమునుండి ఒక్కొక్క చీటీ తీయుచుందురు. ఒక లాటరీ ముగియుటకు సుమారు నలుబది దినములు పట్టుచుండెను. పసివాని చేయి నిష్కల్మషమని జనుల నమ్మకము. 1775లో ఆ నమ్మకము చెడినది. ఒకడు ఆ విద్యార్థులలో నొకనికి లంచమిచ్చి, ఒక టిక్కెట్టును దాచించి, తనకు కావలసిన దినమున పైకి తీయించెను. అటుపై ఖజానావారు నియమములు చేసిరి: పిల్లవాని జేబులు కుట్టివేయవలెను, చేతుల గుండీలు బిగింపవలెను, ఎడమచేయి వెనుకకు నడికట్టులో నుంచవలెను, కుడిచేయి వ్రేళ్లు చాచి అందరికిని కనబడునట్లు పట్టవలెను. ప్రపంచపు లాటరీ నియమములన్నిటికిని ఈ పిల్లవాని కుట్టివేసిన జేబు గురుతు. చీటీ తీయు చేతిని కట్టుటకు మానవబుద్ధి ఎంతయో శ్రమపడినది.

కాని ఆ పిల్లవానికి లంచ మెందు కిచ్చిరి? బహుమానము కొఱకు కాదు. ఫలానా సంఖ్య ఫలానా దినమున వచ్చునని పలు దుకాణములలో పందెములు కాచియుండిరి. దీనినే ‘ఇన్సూరెన్సు’ అను మర్యాదగల పేరుతో పిలిచిరి. అసలు టిక్కెట్టు పది పౌనులకు పైబడిన వెల గలది. దానిని పదునారు భాగములవఱకు విడదీసి అమ్మినను కూలివానికి అందదు. కొన్ని పెన్నీలతో ప్రతిదినము కాయదగిన ఈ పందెము వానికి అందినది. ఎఱ్ఱతోలు పుస్తకములు చేతబట్టిన ఏజెంట్లు ఇల్లిల్లు తిరిగి, వంటకత్తెలవద్దను, నౌకర్లవద్దను సొమ్ము వసూలు చేయుచుండిరి. రాత్రి పందెము, మరునాడు ఫలితము, సాయంకాలము మరల పందెము. చట్టములు మీద చట్టములు చేసిరి. దుకాణములకు లైసెన్సులు పెట్టిరి. దొంగ లాటరీలను 1802లో నిషేధించిరి. పందెము మాత్రము ఆగలేదు.

1808లో కామన్సుసభ ఒక సంఘమును నియమించి విచారణ జరిపించెను. ఇంటి సామానులను కుదువబెట్టి పందెములు కాచిన కుటుంబముల దుస్థితిని గూర్చి ఆ సంఘమునకు సాక్ష్యములు వచ్చినవి. ఆ సంఘము వ్రాసిన నివేదిక సారాంశ మిది: దోషము నిర్వహణలో లేదు, మూలములోనే యున్నది, ఎన్ని నియమములు చేసినను ఆదాయము నిచ్చుచు కీడు కలిగింపని లాటరీని కల్పింపజాలము. ఇంత స్పష్టముగ తెలిసినను లాటరీని వెంటనే ఆపిరా? లేదు. ఆదాయము వదలుకొనుటకు మనసొప్పలేదు. కడపటి చీట్లు తీసినది 1826 అక్టోబరు 18న. కీడును గుర్తించుటకును, దానిని విడుచుటకును నడుమ పదునెనిమిదేండ్లు గడచినవి. ప్రజలకు జూదపు వ్యసన మున్నదని చెప్పుదురు; ఖజానాకు గూడ ఆ వ్యసనము పట్టుననుట ఇందువలన తేలుచున్నది.

ఇతర దేశముల కథ దీనికి భిన్నము కాదు గనుక సంగ్రహముగ చెప్పుదుము. ఫ్రాన్సులో రాజలాటరీ 1776లో ఏర్పడెను. విప్లవప్రభుత్వము 1793లో దానిని రద్దుచేసి, సొమ్మునకు కటకట యేర్పడగానే 1797లో మరల తెఱచినది. 1836లో మూసివేసిరి. దాదాపు శతాబ్దము గడచిన పిమ్మట 1933లో, యుద్ధమున గాయపడిన సైనికుల పేరను, పంటలు నష్టపోయిన రైతుల పేరను జాతీయ లాటరీ తిరిగి వచ్చినది. స్పెయినులో నెపోలియనుతో పోరాడుచున్న కాలమున, 1812లో కాడిజ్ నగరమున మొదలైన లాటరీ నేటికిని సాగుచున్నది. అచ్చట డిసెంబరు 22న జరుగు క్రిస్మసు లాటరీలో పాఠశాల పిల్లలే సంఖ్యలను పాడుచు ప్రకటింతురు. అమ్మిన వెలలో నూటికి 70 వంతులు బహుమానములుగ తిరిగి వచ్చును; ఒకే సంఖ్యను ఊరివారందరు పంచుకొని కొనుట అచ్చటి ఆచారము. సంవత్సరమున కొకసారి వచ్చు ఈ వేడుకకును, దినదినపు పందెమునకును భేదము కలదని మేము గుర్తించుచున్నాము.

అమెరికాలో స్వాతంత్ర్యమునకు ముందును తరువాతను కళాశాలలు, వంతెనలు, రోడ్లు లాటరీ సొమ్ముతో కట్టుకొనిరి. అంతర్యుద్ధానంతరము 1868లో లూయిసియానా రాష్ట్రము ఒక ప్రైవేటు కంపెనీకి 25 సంవత్సరముల గుత్తాధిపత్య మిచ్చెను. న్యూ ఆర్లియన్సులోని ధర్మాసుపత్రికి ఏటికి 40,000 డాలర్లు కంపెనీ చెల్లించునది షరతు. ఇద్దరు వృద్ధ సేనాధిపతులను వేదికమీద కూర్చుండబెట్టి, వారి గౌరవముచాటున చీట్లు తీయుచుండిరి. టిక్కెట్లు తపాలాద్వారా దేశమంతట వ్యాపించినవి. ఆసుపత్రికి పోవు నలుబదివేలు కంపెనీ లాభముల ముందు సముద్రమున కాకిరెట్ట. కాని ప్రతి విమర్శకుని నోటికి ఆ యాసుపత్రియే తాళమైనది. తుదకు 1890లో కాంగ్రెసు లాటరీ పత్రములకు తపాలాను మూసివేసెను. 1895లో ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు టిక్కెట్లు పంపుటను నిషేధించెను. ఆ శతాబ్దాంతమునకు ఏ రాష్ట్రమునను చట్టసమ్మతమైన లాటరీ లేకపోయెను. ఆ తరువాత 1964లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రము, ఈసారి పాఠశాలల పేరిట, మరల లాటరీ తెఱచినది. నేడు 50 రాష్ట్రములలో 45 లాటరీలు నడుపుచున్నవి.

ఇంగ్లండును మరల ఆ త్రోవనే వచ్చినది. 1993 చట్టము ననుసరించి 1994 నవంబరు 19న జాతీయ లాటరీ మొదటి ఫలితము వెలువడినది. ఇచ్చట ప్రభుత్వము స్వయముగ నడుపదు. లైసెన్సు పొందిన యొక కంపెనీ నడుపును. దానిపై గాంబ్లింగ్ కమిషనను సంస్థ నిఘా వేయును. అమ్మకములపై నూటికి 12 వంతులు పన్ను. కళలు, క్రీడలు, పురాతన కట్టడములు, ధర్మసంస్థలకు వేరుగ కొంత భాగము. కొన్నవారికి తిరిగి వచ్చునది సగమో అంతకు కొంచె మెక్కువయో. మౌర్యుల ద్యూతాధ్యక్షుడు గెలుపులో నూటికి ఐదు తీసికొనెను గదా! ఆ లెక్కన నేటి నాగరిక ప్రభుత్వములు కౌటిల్యునికంటె ఎంతో కఠినులు. 2021లో అచ్చట టిక్కెట్టు కొనుటకు కనీస వయస్సును 16 నుండి 18కి పెంచిరి. దానికే ఇరువది యేడేండ్లు పట్టినది.

గెలుచుట కెంత అవకాశ మున్నదో లెక్కవేసి చూతము. ఆ లాటరీలో మొదట 49 సంఖ్యలనుండి ఆరింటిని సరిగా చెప్పవలసియుండెను. అట్టి కూర్పులు 1,39,83,816. 2015లో 59 సంఖ్యలు చేసిరి. కూర్పులు 4,50,57,474 అయినవి. వారమున కొక టిక్కెట్టు చొప్పున కొనుచు, ఒక్కొక్క కూర్పును వరుసగా ప్రయత్నించిన యెడల, ఈ సంఖ్య పూర్తియగుటకు సుమారు 8,66,000 సంవత్సరములు పట్టును. మన పౌరాణికుల లెక్కలో ద్వాపరయుగ పరిమాణము 8,64,000 సంవత్సరములు. నలుని కథలో ద్వాపరుడే పాచికలలో ప్రవేశించి ఆ రాజును అడవుల పాలు చేసినాడని చదువుకొన్నాము; ఇప్పు డతడు టిక్కెట్టులో ప్రవేశించినాడు. అమెరికాలోని పవర్‌బాల్‌లో అవకాశము 29,22,01,338లో ఒకటి. ఆడం స్మిత్ 1776లోనే ఈ విషయమును చక్కగ విప్పి చెప్పెను: టిక్కెట్లు ఎంత ఎక్కువ కొనినచో నష్టము అంత నిశ్చయము, అన్నియు కొన్నవాడు నష్టపడక మానడు.

చీటీ తీయు చేతిని కట్టు ప్రయత్నమును మానలేదు. పారదర్శక యంత్రములు, తూకము చూచిన బంతులు, సాక్షులు, టెలివిజను ప్రసారములు వచ్చినవి. ఐనను 1980లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో కొన్ని బంతులలోనికి రంగు ఎక్కించి బరువు పెంచి, కోరిన సంఖ్య వచ్చునట్లు చేసిరి. అందు లాటరీ యుద్యోగియే యొకడు పాలుపంచుకొనెను. బంతుల స్థానమున కంప్యూటరు వచ్చిన పిమ్మట, అనేక రాష్ట్రముల లాటరీలకు భద్రతాధికారిగ నున్నవాడే దాని లెక్కలో రహస్యముగ మార్పుచేసి, 2010లో తన టిక్కెట్టునే గెలిపించుకొనెను. 2017లో వానికి 25 సంవత్సరములవఱకు చెఱ విధించిరి. కుట్టివేసిన జేబుకు ఎప్పటి కప్పుడు కొత్త చిరుగు పడుచునే యున్నది.

ఇక మన దేశమునకు వత్తము. కుంపిణీ ప్రభుత్వము కలకత్తాలో లాటరీలు నడిపి, ఆ సొమ్ముతో టౌనుహాలు కట్టించినది. 1817లో లాటరీ కమిటీ నేర్పఱచి రోడ్లు, చెరువులు వేయించినది. ఇంగ్లండులో లాటరీపై ఏవగింపు ప్రబలిన పిమ్మట 1836లో ఇచ్చటను మానిరి. 1870లో శిక్షాస్మృతికి 294-ఏ సెక్షను చేర్చి, అనుమతి లేని లాటరీకై కార్యాలయము పెట్టుటను నేరము చేసిరి. 2024 జులై 1 నుండి భారతీయ న్యాయసంహితలోని 297వ సెక్షను ఆ స్థానమున నున్నది. రాజ్యాంగము ప్రకారము ప్రభుత్వములు నడుపు లాటరీలు కేంద్రపు జాబితాలోను, జూదము రాష్ట్రముల జాబితాలోను చేరినవి. ఒకే వస్తువు సర్కారుచేతిలో నున్నప్పు డొక జాబితాలోను, ప్రైవేటు చేతిలో నున్నప్పుడు వేరొక జాబితాలోను నిలిచినదన్నమాట.

కేరళ ప్రభుత్వము 1967లో ప్రైవేటు లాటరీలను నిషేధించి, తానే ఒక శాఖ నేర్పఱచినది. రూపాయి టిక్కెట్టు, 50,000 రూపాయల మొదటి బహుమానము. 1968 జనవరి 26న మొదటి ఫలితము. వీథులలో టిక్కెట్లమ్ముకొని బ్రతుకు వికలాంగులకును, వృద్ధులకును, నిరుపేదలకును అది జీవనాధారమైనది; వారి కొక సంక్షేమనిధియు నున్నది. ‘కారుణ్య’ యను పేరుగల లాటరీని పేదల వైద్యసహాయము కొఱకే పెట్టిరి. ఆ యువకుడు తన అక్కతో చెప్పిన మాట అబద్ధము కాదు. దీనిని మేము కప్పిపుచ్చదలచలేదు.

తక్కిన రాష్ట్రములలో కథ ఇంత మర్యాదగ సాగలేదు. 1990లలో ‘ఒంటి అంకె’ లాటరీలు పట్టణముల నాక్రమించినవి. చివరి యంకె యొక్కటి చెప్పిన చాలు. దినమునకు అనేక పర్యాయములు ఫలితములు. మద్రాసు వీథులలో కూలిచేతనుండి ఇంటికి చేరకయే ఆ దుకాణములలో మిగిలిపోయిన డబ్బును గూర్చి అచ్చటి మా బంధువులు చెప్పగా వినియున్నాము. ఇది లండనులోని ‘ఇన్సూరెన్సు’ పందెము యొక్క పునర్జన్మ గాక మఱేమి? పార్లమెంటు 1998లో లాటరీల చట్టము చేసినది. ఒంటి అంకెపైన గాని, ముందుగ ప్రకటించిన సంఖ్యపైన గాని బహుమానము లీయరాదు; టిక్కెట్లు రాష్ట్రప్రభుత్వమే ముద్రింపవలెను; అమ్మకపు సొమ్ము ప్రభుత్వ ఖాతాలో పడవలెను; ఫలితములు ఆ రాష్ట్రములోనే తీయవలెను; ఒక లాటరీకి వారమునకు ఒక్కసారి మించి ఫలితము తీయరాదు; బంపరు లాటరీలు ఏటికి ఆరింటికి మించరాదు. ఇతర రాష్ట్రముల టిక్కెట్లను తన గడ్డపై అమ్మనీయకుండ నిషేధించు అధికారము గూడ రాష్ట్రముల కిచ్చిరి. నియమములు మంచివే. కాని వారమున కొక్కసారియే తీయవలెనన్న, వారమునకు ఏడు పేర్లతో ఏడు లాటరీలు పెట్టిన చాలును. దినమున కొక ఫలితము కలుగును. తమిళనాడు 2003లోను, కర్ణాటకము 2007లోను లాటరీలను పూర్తిగా నిషేధించినవి. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను నేడు ప్రభుత్వ లాటరీలు లేవు.

ఆ చట్టముపై వచ్చిన వ్యాజ్యములో సుప్రీముకోర్టు 1999లో చెప్పిన తీర్పే ఆ యువకుని ప్రశ్నకు సూటియైన సమాధానము. ప్రభుత్వము నడిపినను లాటరీ జూదమే. నడుపువాని హోదావలన దాని స్వభావము మారదని ఆ న్యాయస్థానము తేల్చినది. సర్కారు ముద్రవలన ఒక్కటి మాత్రము సిద్ధించును: చీటీలో మోసము తగ్గును. అది చిన్న విషయము కాదు. కాని చీటీ ధర్మముగ తీయబడినంత మాత్రమున కొన్నవాని యిల్లు నిలుచునా? తూకము సరిగా నున్నదని కల్లు మత్తెక్కింపక మానునా?

ఇన్ని దేశముల చరిత్ర చూచిన పిమ్మట మాకు మూడు కొలతలు తోచుచున్నవి. మొదటిది, ఫలితము ఎంత త్వరగ వచ్చుననునది. ఏటి కొకసారి వచ్చు లాటరీ వేడుకగ ముగియును; దినదినము వచ్చునది అలవాటగును; గడియ గడియకు వచ్చునది వ్యసనమగును. నేడు చరవాణిలోని ఆటలు ఆ గడియను నిమిషముగ కుదించినవి; సొమ్ముతో ఆడు అట్టి ఆటలను నిషేధించుచు 2025 ఆగస్టులో మన పార్లమెంటు చట్టము చేసినది. రెండవది, కొన్నవారికి నూటికి ఎన్ని వంతులు తిరిగి వచ్చుననునది. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఆ యాదాయము లేనిదే ఖజానాకు గడచునా యనునది. ఆసుపత్రిని పన్నులతో నడుపు ప్రభుత్వము లాటరీని ఏ దినమున నైన మానగలదు. లాటరీతో ఆసుపత్రిని నడుపు ప్రభుత్వమునకు రోగి నిమిత్తమై జూదరులు కావలసివత్తురు. ఆ జూదరులలో పెక్కురు, రేపు ఆ యాసుపత్రి మెట్లెక్కవలసిన పేదలే. వారి సొమ్మునే వారికి దానముగ నిచ్చుట కారుణ్య మగునా యని మా సందేహము.

అదృష్టముపై ఆశ మనుజులకు సహజము. దానిని పూర్తిగ పెరికివేయుట సాధ్యము కాదని మేమును ఒప్పుకొందుము. ఇంగ్లండులో 1956లో ఒక మధ్యేమార్గము కనుగొనిరి. ప్రీమియం బాండ్లని వాని పేరు. కొన్నవాని అసలు సొమ్ము చెక్కుచెదరదు; ఎప్పుడు కోరిన అప్పుడు తిరిగి యిత్తురు. వడ్డీని మాత్రము కూర్చి, నెలనెలకు చీట్లు తీసి బహుమానములుగ పంచుదురు. ఓడినవాడు వడ్డీని పోగొట్టుకొనును గాని వరహాను పోగొట్టుకొనడు. అందువలన ఆశయు తీరును, పొదుపును నిలుచును. మన తపాలా కార్యాలయములలో ఇట్టి యేర్పాటు చేసిన బాగుండునని మా అభిప్రాయము.

ఫలితములు వచ్చిన దినమున మా పొరుగింటివారి సంఖ్యను సరిచూచితిమి. చిన్న బహుమానము గూడ రాలేదు. ఆయన నవ్వి, “స్వామి దర్శనమైంది, అదే చాలు” అనిరి. నాలుగువందలు యాత్రఖర్చులలో కలిసిపోయినవి. ఆయనను గూర్చి మాకు విచారము లేదు.

ఆ సాయంకాలము ఆ యిల్లాలి పక్షమున ఆమె తమ్మునికి మేమొక లేఖ వ్రాసితిమి. మనువును గాని, ఎలిజబెతు రాణిని గాని అందు పేర్కొనలేదు. సర్కారు ముద్ర చీటీకి భద్రతయే గాని నీ కూలికి కాదని ఒక్క వాక్యమున చెప్పి, ఒక లెక్క వేసితిమి: దినమున కొక్క టిక్కెట్టు, వెల 50 రూపాయలు, సంవత్సరమునకు 18,250 రూపాయలు, ఐదు సంవత్సరములకు 91,250. దానిపై వడ్డీ మేము కట్టలేదు. అది అతనినే కట్టుకొని అక్కకు తెలుపుమంటిమి. ప్రత్యుత్తర మింకను రాలేదు. ఆమె మాత్రము తపాలావాడు వచ్చు వేళకు గుమ్మములోనే నిలుచుచున్నది.